లండన్ నాటకానికి ఆన్‌లైన్ క్యూ: టికెట్ చేతికి వచ్చేదాకా చేయాల్సిన పనులు

ఉదయం 10 గంటలకు అమ్మకం. 9:50కే పేజీ తెరిచి కూర్చుంటారు. 10 దాటగానే తెర మీద ‘మీ ముందు 23,418 మంది ఉన్నారు’ అని కనిపిస్తుంది. రెండు గంటలు ఆ అంకె వంకే చూస్తూ ఉంటే చివరికి మీ వంతు వస్తుంది. లోపలికి వెళ్తే బాల్కనీ చివరి వరుసలో, స్తంభం వెనక, విడివిడిగా రెండు సీట్లు. వాటి మీద నొక్కేలోపు అవీ పోతాయి.

కారణం ముందు అంకెల్లోనే ఉంది. లండన్ కోవెంట్ గార్డెన్‌లోని డాన్మార్ వేర్‌హౌస్ అనే చిన్న థియేటర్‌లో ఉన్నవి 251 సీట్లు. వారానికి 8 ప్రదర్శనల చొప్పున 8 వారాలు ఆడినా మొత్తం 16,064 టికెట్లే. 2013 డిసెంబరులో టామ్ హిడిల్‌స్టన్ అక్కడ ‘కోరియొలేనస్’ ఆడేనాటికి మార్వెల్ సినిమాల వల్ల ఆయనకు దేశదేశాల్లో అభిమానులున్నారు, హాలు మాత్రం అదే 251 సీట్ల హాలు. బెనెడిక్ట్ కంబర్‌బాచ్ ‘హామ్లెట్’ లండన్‌లోనే బార్బికన్ థియేటర్‌లో మొదలైంది 2015 ఆగస్టులో అయితే, టికెట్ల కోసం జనం ఎగబడింది అంతకు ఏడాది ముందే, 2014 ఆగస్టులో. ‘హ్యారీ పాటర్ అండ్ ద కర్స్‌డ్ చైల్డ్’కి 2015 అక్టోబరులో బుకింగ్ తెరిస్తే మొదటి 24 గంటల్లోనే 1,75,000 టికెట్లు అమ్ముడయ్యాయి.

సీట్లను ఎవరూ పెంచలేరు. కానీ ఈ అవస్థలో పెద్ద భాగం క్యూ ఎలా నడుస్తుందో తెలియకపోవడం వల్ల వచ్చేదే. క్యూలో మన చేతిలో లేనిది నంబరు ఒక్కటే. దాని మీద పెట్టే హైరానా అంతా కార్డు మీద, తేదీల మీద, సీట్ల పటం మీద, ‘అయిపోయాయి’ అన్న తర్వాతి రోజుల మీద పెడితే ఫలితం ఉంటుంది. లండన్‌లో ఉంటున్నవారికీ, హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో ప్రయాణం పెట్టుకుని ముందే టికెట్ కొనాలనుకునేవారికీ ఆ పనులన్నీ వరసగా ఇక్కడ.

క్యూ పేజీ వెనక ఏం జరుగుతోంది

తిరుమల ఆర్జిత సేవలకు ఎలక్ట్రానిక్ డిప్‌లో పేరు నమోదు చేసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. గడువులోపు మొదటి నిమిషంలో నమోదు చేసినా చివరి గంటలో చేసినా డిప్‌లో అవకాశం ఒక్కటే. నాటకాల టికెట్ల క్యూ కూడా అమ్మకం గంట కొట్టేదాకా ఇలాంటిదే.

చాలా థియేటర్లు క్యూను సొంతంగా నడపవు. క్యూ-ఇట్ అనే డెన్మార్క్ సంస్థ లాంటివాళ్ళు ఆ ఏర్పాటు చేసిపెడతారు. టికెట్లు అమ్మే టికెట్‌మాస్టర్ సంస్థకు సొంత క్యూ ఉంది. పద్ధతి దాదాపు ఒకటే. అమ్మకానికి కొంతసేపు ముందు, అరగంటో గంటో, ‘వెయిటింగ్ రూమ్’ తెరుస్తారు. అందులో ఉన్న వాళ్ళందరికీ అమ్మకం మొదలయ్యే క్షణాన కంప్యూటర్ లాటరీ తీసి నంబర్లు ఇస్తుంది. 9:30కి వచ్చినవాళ్ళకు 40,000వ నంబరు, 9:59కి వచ్చినవాళ్ళకు 112వ నంబరు రావచ్చు. గంట కొట్టిన తర్వాత వచ్చినవాళ్ళు మాత్రం వచ్చిన వరసలో ఆ క్యూ తోకకు చేరతారు.

దీన్నిబట్టి రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. తెల్లవారుజామునే లేచి కూర్చోవడం వల్ల లాభమేమీ లేదు. ఒక్క నిమిషం ఆలస్యమైతే మాత్రం నష్టం చాలా ఉంది, ఎందుకంటే అప్పటికే లాటరీలో ఉన్న వేలమంది వెనక నిలబడాలి. అమ్మకం గంటకు 15 నిమిషాల ముందు వెయిటింగ్ రూమ్‌లో ఉంటే చాలు. పాస్‌వర్డు మొరాయించినా సర్దుకోవడానికి ఆ మాత్రం వ్యవధి సరిపోతుంది.

మీ నంబరు బ్రౌజర్‌లో కుకీ రూపంలో, అంటే సైటు దాచుకునే చిన్న గుర్తుగా ఉంటుంది. అందుకే ఒకే బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరిచినా నంబరు ఒక్కటే. పైగా ఆ ట్యాబులు ఒకదానితో ఒకటి తగువు పడి, చెల్లింపు దగ్గర మీరు ఎంచుకున్న సీట్లు చేరే బుట్ట ఖాళీ అయ్యే ప్రమాదం ఉంది. ఇంట్లో ముగ్గురుంటే ముగ్గురూ తమ తమ ఫోన్లో కంప్యూటర్లో, తమ తమ ఖాతాలతో చేరడం వేరు. అది ముగ్గురు మనుషులు క్యూలో నిలబడటమే, న్యాయమే. ఎవరి వంతు ముందు వస్తే వాళ్ళు అందరికీ కొనాలి, మిగతా ఇద్దరూ వెంటనే తప్పుకోవాలి. వెనకున్నవాళ్ళకు ఆ మేలు చేయడం మర్యాద.

నంబరు చూసి నిర్ణయం తీసుకోవడం

చాలామంది చేయని లెక్క ఇది. 20,000వ నంబరు మంచిదా చెడ్డదా అన్నది హాలును బట్టి ఉంటుంది.

ఒక్కొక్కరు సగటున 3 టికెట్లు కొంటారనుకుందాం. డాన్మార్‌లో 16,064 టికెట్లంటే 5,350 మందికి సరిపోతాయి. సభ్యులు ముందే కొన్నవి తీసేస్తే అంతకన్నా బాగా తక్కువ. 20,000వ నంబరు వస్తే అక్కడ ఆశ లేదు. అదే లండన్ పలేడియం దాదాపు 2,200 సీట్ల హాలు. 12 వారాల ప్రదర్శనలంటే 2,11,200 టికెట్లు, అంటే 70,000 మందికి. అక్కడ 20,000వ నంబరు వస్తే నిశ్చింతగా కాఫీ కలుపుకోవచ్చు.

నంబరు రాగానే ఈ లెక్క చేసుకోండి. ఆశ లేదని తేలితే సాయంత్రం దాకా తెర ముందు కూర్చోకండి. ఆ ఓపిక కింద చెప్పబోయే ‘అయిపోయాయి’ అన్న తర్వాతి దశకు దాచుకోండి. అక్కడ దానికి విలువ ఎక్కువ.

‘సుమారు 50 నిమిషాలు’ అన్న అంచనా మాటిమాటికీ మారడానికీ కారణముంది. సైటు నిమిషానికి ఇంతమందిని అని లోపలికి వదులుతుంది. లోపలున్నవాళ్ళు సీట్ల దగ్గర తటపటాయిస్తే వేగం తగ్గిస్తారు, ముందున్నవాళ్ళు విసుగెత్తి వెళ్ళిపోతే మీ అంకె ఒక్కసారిగా జారుతుంది. నిమిషానికి 200 మంది అయితే 24,000 మందికి 2 గంటలు. పావుగంటలో అంకె ఎంత తగ్గిందో చూసి మీరే అంచనా కట్టుకోండి, తెర మీది అంచనా కన్నా అదే నమ్మకం.

అమ్మకానికి ముందు వారం

థియేటర్ సైటులోనే ఖాతా తెరవండి. లండన్ థియేటర్ల పేట అయిన వెస్ట్ ఎండ్‌లో ఒకే నాటకాన్ని నాలుగైదు ఏజెన్సీలు అమ్ముతాయి. నాటకం అధికారిక సైటు నుంచి బయలుదేరితేనే సరైన చోటికి చేరతారు. గూగుల్‌లో వెతికితే పైన కనిపించేవాటిలో ప్రకటనలుంటాయి, కొన్న టికెట్లను తిరిగి అమ్మే రీసేల్ సైట్లు ఆ చోటు కొనుక్కుంటాయి. ఏజెన్సీ ఏదైనా సరే, ‘స్టార్’ అనే పేరుతో పిలిచే టికెట్ అమ్మకందార్ల సంఘంలో సభ్యత్వం ఉందో లేదో చూడండి. ఆ గుర్తు పేజీ అడుగున ఉంటుంది.

ఖాతాలో చిరునామా, ఫోన్ నంబరు ముందే నింపి పెట్టండి. ఇండియా చిరునామా అయితే ముందు దేశం మార్చాలి. లేకపోతే ఫారం బ్రిటన్ పోస్ట్‌కోడ్ అడుగుతూ ముందుకు కదలదు. కొనడానికి ఇచ్చిన గడువు టైమర్ నడుస్తుండగా పిన్‌కోడ్‌తో కుస్తీ పడటం కన్నా బాధాకరం ఇంకొకటి లేదు.

మెయిలింగ్ లిస్టులో చేరండి. పేరున్న నటులు ఆడే నాటకాలకు ముందస్తు అమ్మకం లింకు చాలాసార్లు ఆ లిస్టుకే వస్తుంది. డాన్మార్, ఆల్మీడా, ఓల్డ్ విక్, నేషనల్ థియేటర్ లాంటివి సభ్యులకు ముందు అమ్మి, మిగిలినవి అందరికీ పెడతాయి. సభ్యత్వంలో మెట్లున్నాయి, పై మెట్టువాళ్ళకు ముందు రోజు. ఏడాదికి ఒక్క నాటకం చూసేవారికి ఇది దండగ. నాలుగైదు చూసేవారికి, అందులోనూ 300 సీట్ల లోపు హాళ్ళంటే ఇష్టపడేవారికి, పెట్టిన డబ్బుకు తగినది. సభ్యులకూ క్యూ ఉంటుందని, అది పొట్టిదే తప్ప లేకపోవడం కాదని తెలిసే చేరండి.

తేదీలు ఒకటి కాదు, వరసగా ఆరు రాసుకోండి. జనం ముందుగా ఎగబడేది శుక్ర, శనివారాల మీద, చివరి వారం మీద. సోమవారం నుంచి గురువారం దాకా సాయంత్రాలు, వారం మధ్యలో వచ్చే మధ్యాహ్నం ఆటలు నెమ్మదిగా అమ్ముడవుతాయి. మీరు చూడాలనుకున్న నటుడు ఏ తేదీల్లో ఆడటం లేదో నాటకం పేజీలో చిన్న అక్షరాల్లో రాస్తారు. ఖాళీగా కనిపించిన తేదీని చూసి సంబరపడి కొంటే అది ఆయన సెలవు రోజు కావచ్చు.

సీట్ల పటం కంఠతా వచ్చేలా చూసుకోండి. మన సినిమా హాళ్ళలో నేల టికెట్ చవక, బాల్కనీ ఖరీదు. లండన్ థియేటర్లలో ఇది తలకిందులు. కింద ఉన్న స్టాల్స్, దాని మీది డ్రెస్ సర్కిల్ ఖరీదైనవి, అన్నిటికన్నా పైన ఉండే బాల్కనీ చవక. షాఫ్ట్స్‌బరీ అవెన్యూలోని ప్యాలెస్ థియేటర్ 1891లో కట్టింది. అలాంటి పాత హాళ్ళలో బాల్కనీ చాలా నిటారుగా ఉంటుంది, బోలెడు మెట్లు ఎక్కాలి, చాలాచోట్ల లిఫ్టు ఉండదు. పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలను తీసుకువెళ్తున్నారా? మోకాళ్ళ నొప్పులుంటే బాల్కనీ వద్దు, స్టాల్స్‌లో నడవ పక్క సీటు చూడండి. చక్రాల కుర్చీ, వినికిడి సమస్య లాంటివి ఉన్నవారికి యాక్సెస్ బుకింగ్ పేరుతో వేరే ఫోన్ లైను, వేరే సీట్లు ఉంటాయి. ముందుగా ఆ జాబితాలో నమోదు చేసుకుంటే మామూలు క్యూతో పని తప్పవచ్చు.

ఏ సీటు నుంచి ఏం కనిపిస్తుందో సీట్‌ప్లాన్ సైటులో ప్రేక్షకులు తీసిన ఫొటోలున్నాయి, థియేటర్‌మంకీ సైటులో వరస వరసకూ వివరణ ఉంది. ‘రిస్ట్రిక్టెడ్ వ్యూ’, అంటే చూపుకు కొంత అడ్డు ఉంది అని రాసినవన్నీ చెడ్డవి కావు. కొన్నిచోట్ల అడ్డొచ్చేది సన్నటి రెయిలింగు మాత్రమే, ధర సగం. కొన్నిచోట్ల రంగస్థలంలో మూడోవంతు కనిపించదు. ఈ తేడా ముందే తెలిసినవాళ్ళు టైమర్ నడిచే ఆ కొద్ది నిమిషాల్లో ధైర్యంగా నొక్కగలుగుతారు.

ఇండియా కార్డుతో కొనేవారికి

ఇంత దూరం వచ్చి చెల్లింపు దగ్గర చేజార్చుకునేవారు ఎక్కువ. యూపీఐ అక్కడ పనికిరాదు. రూపే కార్డును నమ్ముకోవద్దు, వీసా లేదా మాస్టర్‌కార్డ్ సిద్ధంగా ఉంచుకోండి.

రిజర్వ్ బ్యాంకు 2020లో తెచ్చిన నిబంధన ప్రకారం కొత్త కార్డులకు విదేశీ లావాదేవీలు మొదట్లో ఆపి ఉంటాయి, మనమే తెరుచుకోవాలి. బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగులకు వెళ్ళి ‘ఇంటర్నేషనల్’, ‘ఆన్‌లైన్’ రెండూ ఆన్ చేయండి. ఒకటి ఆన్ చేసి రెండోది మరిచిపోయేవారు చాలామంది. తర్వాత పరిమితి చూడండి. 95 పౌండ్ల టికెట్లు నాలుగు అంటే 380 పౌండ్లు. పౌండు 120 రూపాయలనుకుంటే 45,600 రూపాయలు, దాని మీద బుకింగ్ ఫీజు. పరిమితి 40,000 అయితే కార్డు తిరస్కరిస్తుంది, 60,000 పెట్టుకుంటే నిశ్చింత. విదేశీ మారకం రుసుము సాధారణంగా 2 నుంచి 3.5 శాతం, ఆ రుసుము మీద 18 శాతం జీఎస్టీ.

అన్నీ సరిచేశాక అమ్మకానికి రెండు రోజుల ముందు ఏదైనా విదేశీ సైటులో చిన్న మొత్తంతో పరీక్షించి చూడండి. మొదటిసారి విదేశంలో గీసిన కార్డును బ్యాంకు అనుమానించి ఆపేస్తే అది అప్పుడే తేలిపోవాలి, టైమర్ నడుస్తుండగా కాదు. వేరే బ్యాంకు కార్డు ఇంకొకటి పక్కన పెట్టుకోండి.

లండన్‌లో ఉండి ఇండియా కార్డు వాడేవారు ఓటీపీ వచ్చే సిమ్ ఫోన్లో ఉందో లేదో, రోమింగ్‌లో ఎస్సెమ్మెస్ వస్తోందో లేదో చూసుకోవాలి. బ్రిటన్ కార్డు ఉన్నవారికీ బ్యాంకు యాప్‌లో ఆమోదం తప్పదు కాబట్టి ఆ యాప్ ముందే తెరిచి లాగిన్ అయి ఉండండి.

సమయం లెక్క

లండన్ గడియారం ఏడాదిలో రెండుసార్లు మారుతుంది. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా మనకన్నా 4 గంటల 30 నిమిషాలు వెనక, మిగతా కాలం 5 గంటల 30 నిమిషాలు వెనక. అక్కడ ఉదయం 10 అంటే వేసవిలో మనకు మధ్యాహ్నం 2:30, చలికాలంలో 3:30. అమ్మకం తేదీ అక్టోబరు చివరనో మార్చి చివరనో పడితే రెండుసార్లు సరిచూసుకోండి.

ఆ ఉదయం, క్యూలో

కంప్యూటర్ వాడండి, ఫోన్ ఓటీపీకి వదిలేయండి. ఫోన్లోనే క్యూలో ఉండి, ఓటీపీ కోసం బ్యాంకు యాప్‌లోకి వెళ్ళి వచ్చేసరికి బ్రౌజర్ పేజీ మళ్ళీ మొదటి నుంచి లోడ్ అయి బుట్ట పోవడం మామూలే. మెమరీ తక్కువున్న ఫోన్లలో ఇది మరీ ఎక్కువ.

కంప్యూటర్ నిద్రలోకి జారకుండా సెట్టింగ్ మార్చి, చార్జర్ పెట్టండి. మీ ఇంటర్నెట్ చిరునామాను దాచే వీపీఎన్ ఉంటే ఆపేయండి. ఒకే ఇంటర్నెట్ చిరునామా నుంచి గుంపుగా వచ్చే రద్దీని క్యూ వ్యవస్థ రోబోగా అనుమానిస్తుంది. ఆఫీసు నెట్‌వర్క్‌తోనూ ఇదే ఇబ్బంది. కుకీలను అడ్డుకునే ఎక్స్‌టెన్షన్లు ఉంటే తీసేయండి, వాటివల్ల నంబరు నిలవదు. ఇన్‌కాగ్నిటో విండోలో క్యూలో చేరవద్దు. పొరపాటున మూసేస్తే నంబరుతో సహా అంతా పోతుంది. ఇన్‌స్టాగ్రామ్‌లోనో ఫేస్‌బుక్‌లోనో లింకు నొక్కితే ఆ యాప్ లోపలి బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. యాప్ మారగానే అదీ పోతుంది. లింకును కాపీ చేసి మామూలు బ్రౌజర్‌లో పెట్టండి.

క్యూ పేజీ తనంతట తానే తాజా అవుతుంది. రిఫ్రెష్ నొక్కకండి. కొన్ని సైట్లలో ఏమీ కాదు, కొన్నిచోట్ల తోకకు వెళ్తారు. ఏ సైటు ఏ రకమో పరీక్షించడానికి అది సమయం కాదు. ఈమెయిల్ ఇస్తే వంతు రాగానే కబురు పంపుతామనే చోట తప్పకుండా ఇవ్వండి. వంతు వచ్చాక లోపలికి వెళ్ళడానికి ఇచ్చే గడువు సాధారణంగా పది నిమిషాలే. టీ పెట్టుకోవడానికి వెళ్ళి వచ్చేసరికి అది దాటిపోతే మళ్ళీ క్యూ చివరికే.

లోపలికి వెళ్ళాక

ఇక్కడి నుంచి తొందరపాటు కాదు, సిద్ధపాటు పనిచేస్తుంది. రాసుకున్న ఆరు తేదీల్లో మొదటిది తెరవండి. సీట్ల పటం మీకు చూపించేది కొన్ని క్షణాల కిందటి చిత్రం. సీటు మీ పేరు మీద ఆగేది బుట్టలో పడ్డాకే. అందుకే ఖాళీగా కనిపించిన సీటు నొక్కితే ‘అందుబాటులో లేదు’ అంటుంది. రెండుసార్లు అలా జరిగితే పటం వదిలేసి ‘బెస్ట్ అవైలబుల్’ నొక్కండి. యంత్రం ఆ క్షణాన ఉన్నదాన్ని పట్టి ఇస్తుంది. అదీ కుదరకపోతే రెండో తేదీకి వెళ్ళండి. ఒకే శనివారం చుట్టూ తిరుగుతూ ఆరు నిమిషాలు పోగొట్టుకోవద్దు.

ఇంకో చిక్కు: మీరు ఎంచుకున్నదానివల్ల పక్కన ఒక్క సీటు ఒంటరిగా మిగిలితే చాలా సైట్లు ఒప్పుకోవు. ఎర్ర అక్షరాల్లో ఏదో రాసి ఆపేస్తాయి, కారణం అర్థంకాక జనం కంగారు పడతారు. ఒక్క సీటు పక్కకు జరిగి ఎంచుకుంటే దారి ఇస్తుంది. నలుగురికి కలిపి దొరక్కపోతే రెండు రెండుగా చూడండి, ఒకదాని వెనక ఒకటిగా ఉన్న రెండు వరసల్లో దొరికే అవకాశం ఎక్కువ.

ధర చూసి ఉలిక్కిపడకండి, కానీ గీత కూడా గీసుకోండి. గిరాకీని బట్టి ధర పెంచే పద్ధతి వెస్ట్ ఎండ్‌లో బాగా నాటుకుంది. ‘ప్రీమియం’ అన్న సీటుకూ దాని పక్క సీటుకూ ధరలో ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఉండవచ్చు, కనిపించేది మాత్రం దాదాపు ఒకటే. ఒక్కొక్కరికి గరిష్ఠంగా ఎంత అన్నది ముందురోజే ఇంట్లో మాట్లాడుకుని కాగితం మీద రాసుకోండి. గంటన్నర నిలబడ్డాక ఎంతైనా ఇచ్చేద్దామనిపిస్తుంది. ఆ క్షణానికి ఆ కాగితమే అడ్డుగోడ.

టికెట్ చేరే పద్ధతిలో ఈ-టికెట్ లేదా బాక్సాఫీసు దగ్గర తీసుకోవడం ఎంచుకోండి. చెల్లించేటప్పుడు బ్యాక్ బటన్ ముట్టుకోకండి. పేజీ అక్కడే ఆగిపోతే వెంటనే మళ్ళీ కట్టకండి. ముందు ఈమెయిల్, తర్వాత ఖాతాలో ఆర్డర్ల పేజీ, తర్వాత బ్యాంకు ఎస్సెమ్మెస్ చూడండి. రెండుసార్లు కొంటే రెండో జత మీ నెత్తినే, నాటకాల టికెట్లకు డబ్బు వాపసు మామూలుగా ఉండదు.

‘అయిపోయాయి’ అన్న తర్వాత

అసలు ఆట ఇక్కడి నుంచే. ‘సోల్డ్ అవుట్’ అంటే ఆ నిమిషానికి సీట్లు లేవని మాత్రమే అర్థం.

మొదటి అరగంట అక్కడే ఉండండి. వేరేవాళ్ళ బుట్టల్లో ఆగిన సీట్లు, కార్డు తిరస్కరించినవి, టైమర్ ముగిసినవి మళ్ళీ పటంలోకి వస్తాయి. ఒకటీ రెండూగా మెరిసి మాయమవుతాయి.

తర్వాతి పెద్ద అవకాశం ప్రదర్శనలు మొదలయ్యాక. నిర్మాతలు, సాంకేతిక బృందం కొన్ని సీట్లను ముందుగా ఆపి ఉంచుతారు. సెట్ నిలబెట్టి చూశాక ఏ సీటు నుంచి కనిపిస్తుందో తేలుతుంది, అప్పుడు అవసరం లేనివి వదిలేస్తారు. అతిథుల కోసం ఉంచినవి ప్రదర్శనకు ఒకటి రెండు రోజుల ముందు వస్తాయి. వాటి ధర ఎక్కువే, కానీ హాలులో మంచి చోటు అదే.

రిటర్నులు మూడోది. రాలేకపోయినవాళ్ళు వెనక్కి ఇచ్చేవి. రోజూ ఉదయం 10 గంటల ప్రాంతంలో, మధ్యాహ్నం, ప్రదర్శన రోజున రెండు మూడుసార్లు పేజీ చూస్తే కనిపిస్తాయి. ఎక్కువగా ఒక్కొక్క సీటే. ఒంటరిగా వెళ్ళడానికి సిద్ధపడినవాళ్ళకు లండన్‌లో దాదాపు ఏ నాటకమూ దొరకకుండా పోదు. ఇద్దరుంటే వేరువేరు చోట్ల కూర్చుని విరామంలో కలుసుకోవడం చాలా తెలివైన పద్ధతి. నేరుగా థియేటర్‌కు వెళ్ళి రిటర్నుల క్యూ ఎప్పుడు మొదలవుతుందని బాక్సాఫీసు వాళ్ళను మర్యాదగా అడగండి. వర్షం కురిసే మంగళవారం సాయంత్రం ఆ క్యూ అన్నిటికన్నా పొట్టిగా ఉంటుంది.

చవక టికెట్ల దారులు వేరే ఉన్నాయి. నేషనల్ థియేటర్ ఫ్రైడే రష్ పేరుతో ప్రతి శుక్రవారం మధ్యాహ్నం 1 గంటకు తర్వాతి వారం టికెట్లు తక్కువ ధరకు వదులుతుంది. దానికీ ఆన్‌లైన్ క్యూ ఉంది, కానీ పైన చెప్పినదంతా తెలిస్తే అది సులభం. ‘హ్యామిల్టన్’కు 10 పౌండ్ల లాటరీ నడిపారు, ‘కర్స్‌డ్ చైల్డ్’కు ఫ్రైడే ఫార్టీ పేరుతో వారానికొకసారి 40 పౌండ్లకే టికెట్లు ఇచ్చారు. టికెట్లు అమ్మే టుడేటిక్స్ యాప్‌లో చాలా నాటకాలకు ఆ రోజు టికెట్లు ఉదయం 10 గంటలకు వస్తాయి. లాటరీ గెలిస్తే డబ్బు కట్టడానికి గడువు తక్కువ, ఫోన్ నోటిఫికేషన్లు ఆన్‌లో పెట్టుకోండి. కొన్ని థియేటర్లు ఇప్పటికీ ముందు వరస సీట్లను ఆ ఉదయం కిటికీ దగ్గరే అమ్ముతాయి. లెస్టర్ స్క్వేర్‌లోని టికెట్స్ బూత్ కూడా మంచి చోటే, కాకపోతే తారలు ఆడే నాటకాలు అక్కడికి రావడం అరుదు.

షేక్‌స్పియర్స్ గ్లోబ్‌లో 700 మంది నిలబడి చూసే చోటుంది, టికెట్ బాగా చవక. మూడు గంటలు నిలబడాలి, కింద కూర్చోనివ్వరు, వాన పడితే గొడుగు తెరవనివ్వరు. రెయిన్‌కోటు, మంచి చెప్పులు ఉంటే రంగస్థలానికి చేయి చాచేంత దగ్గరగా ఉంటారు.

నాటకం బాగా నడిస్తే తేదీలు పొడిగిస్తారు. ఆ కబురు వచ్చేదీ మెయిలింగ్ లిస్టుకే, అప్పటి క్యూ మొదటిదానికన్నా పొట్టిది. ఇవేవీ కుదరనివారికి 2009లో మొదలైన నేషనల్ థియేటర్ లైవ్ ఉంది. నాటకాన్ని కెమెరాలతో చిత్రించి సినిమా హాళ్ళలో చూపిస్తారు. పైన చెప్పిన బార్బికన్ ‘హామ్లెట్’ అలాగే 2015లో దేశదేశాలకు చేరింది. ముంబయిలోని కళాకేంద్రం ఎన్‌సీపీఏలో ఈ ప్రదర్శనలు వేస్తుంటారు.

చేతులు మారిన టికెట్లు

విసుగెత్తినవాళ్ళను పట్టుకునేది రీసేల్ సైట్లే. బ్రిటన్‌లో 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం తిరిగి అమ్మేవాళ్ళు అసలు ధర, వరస, సీటు నంబరు, ఉన్న షరతులు చెప్పాలి. చెప్పలేదంటే అక్కడితో ఆగిపోండి. పరిమితికి మించి టికెట్లు లాగేసే బాట్ ప్రోగ్రాములు 2018 జూలై నుంచి నేరం. అసలు ధరకు మించి తిరిగి అమ్మడాన్నే నిషేధిస్తామని ప్రభుత్వం 2025 నవంబరులో ప్రకటించింది. ‘హ్యామిల్టన్’ 2017లో విక్టోరియా ప్యాలెస్‌లో మొదలైనప్పుడు కాగితం టికెట్లే లేకుండా, కొన్న బ్యాంకు కార్డు చూపిస్తేనే లోపలికి పంపారు. ఇలాంటి షరతు ఉన్న నాటకానికి బయట కొన్న టికెట్ గుమ్మం దగ్గరే చెల్లకుండా పోతుంది. అసలు ధరకే, లేదా తక్కువకే అమ్మనిచ్చే ట్విక్కెట్స్ లాంటి చోట్లు చూడండి.

వాట్సాప్ గ్రూపుల్లో ‘నాలుగు టికెట్లున్నాయి, మేం వెళ్ళలేకపోతున్నాం’ అని మనవాళ్ళు పెట్టే సందేశాల్లో నిజమైనవీ ఉంటాయి. కానీ పీడీఎఫ్ ఒక్కటే, దాన్ని పదిమందికి పంపవచ్చు. గేటు దగ్గర మొదట స్కాన్ అయినవాళ్ళకే ప్రవేశం. తెలిసినవాళ్ళైనా సరే, థియేటర్ ఖాతా ద్వారా మీ పేరుకు బదిలీ చేయించుకున్నాకే డబ్బు పంపండి. బదిలీ కుదరని టికెట్ అయితే కొన్నవాళ్ళు గేటు దాకా కూడా రావాలి.

ఆ రోజున

ఈ-టికెట్‌ను ఫోన్లో దించి పెట్టుకోండి, గుమ్మం దగ్గర నెట్ అందకపోవచ్చు. కొన్న కార్డు, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు వెంట ఉంచుకోండి. పెద్ద సూట్‌కేసులు చాలా థియేటర్లు లోపలికి తీసుకోవు, హీత్రో నుంచి నేరుగా రావద్దు. సాయంత్రం ఆటలు ఎక్కువగా 7:30కి. ఆలస్యమైతే సందు చూసి గానీ లోపలికి వదలరు, కొన్ని నాటకాలకు విరామం దాకా బయటే నిలబెడతారు. 7 గంటలకల్లా గుమ్మంలో ఉండండి.